ఖాళీలన్నీ నింపుతాను, సొంత వాక్యం మాత్రం రాదు: ఇంగ్లీషు సాధన ఎలా చేయాలి?

దేవరకొండ_డిగ్రీ
డిగ్రీ అయిపోయింది. ఎర్ర అట్ట గ్రామరు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చేశాను. ప్రిపొజిషన్ పెట్టమంటే పెడతాను, యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటే మారుస్తాను, వాక్యంలో తప్పు ఎక్కడుందో చూపమంటే చాలావరకు చూపిస్తాను. మొన్న హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్లు తెల్లకాగితం చేతికిచ్చి 'మీ ఊరి గురించి ఒక పేజీ రాయండి' అన్నారు. మా ఊరి పేరు, జిల్లా పేరు రాశాక ఇక కలం కదలలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి తప్పులతోనే పేజీ నింపింది, ఆమెకు ఉద్యోగం ఇచ్చారు.

కోచింగ్‌లో అడిగితే 'ఖాళీలు ఇంకా ప్రాక్టీసు చెయ్యి' అంటున్నారు. ఫీజు కట్టాను కాబట్టి చేస్తున్నాను. ఇలా చేస్తూ పోతే ఎప్పటికైనా రాయడం వస్తుందా? మీరంతా ఎలా నేర్చుకున్నారు? మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. దయచేసి 'ఇంట్లో మాట్లాడు' అని మాత్రం చెప్పకండి.

పాలమూరు_బస్సు
ఇంట్లో మాట్లాడు.

పాలమూరు_బస్సు
సరదాకి అన్నాను తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. అసలు సమాధానం ఇది: గ్రామరు పుస్తకం అటక మీద పెట్టు. ఇంగ్లీషు సినిమాలు చూడు, కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకో. తెలుగులో ఆలోచించడం మానెయ్యి. చంటిపిల్లలు ఏ వ్యాకరణం చదివి తెలుగు నేర్చుకున్నారు?

అశోక్‌నగర్_అద్దెగది
చంటిపిల్లలకు పొద్దున లేచింది మొదలు అదే పని. చుట్టూ పదిమంది అదే భాషలో ముద్దు చేస్తుంటారు. మాకు లైబ్రరీ, మెస్సు, గది తప్ప వేరే లోకం లేదు.

గ్రామరు పుస్తకం అటకెక్కించమని చెప్పేవాళ్లు పోటీ పరీక్షలు రాయరు, అందుకే అంత తేలిగ్గా చెబుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి అంచెలో వంద ప్రశ్నలకు 25 ఇంగ్లీషే. ప్రశ్నకు రెండు మార్కులు, తప్పు రాస్తే అర మార్కు కోత. రెండో అంచెలో 45 ప్రశ్నలు, ఒక్కొక్కటి మూడు మార్కులు. ఈ ప్రశ్నల్లో సొంత వాక్యం ఎవరూ అడగరు. తప్పు పట్టుకోవడం, ఖాళీ నింపడం, పేరా చదివి జవాబు గుర్తించడం, ఇవే. దేవరకొండ తమ్ముడు చేస్తున్నది సరైన సాధనే. గురి మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాలి.

గడియారం_సెంటర్
@అశోక్‌నగర్_అద్దెగది తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ సంగతి కూడా చెప్పు మరి. జనరల్ ఇంగ్లీషు 150 మార్కుల పేపరు. అందులో ప్రెసీ రాయాలి, అంటే పెద్ద పేరాను కుదించి రాయాలి, ఉత్తరం రాయాలి. అక్కడ నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడం కుదరదు.

అశోక్‌నగర్_అద్దెగది
అది అర్హత పేపరే అన్నా, ర్యాంకులో కలపరు. పైగా పదో తరగతి స్థాయి.

గడియారం_సెంటర్
పదో తరగతి స్థాయి అని పుస్తకం తెరవని వాళ్లు ఎంతమంది నా దగ్గరికి వచ్చి కూర్చుంటారో నీకు తెలియదు. అందులో అర్హత రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ర్యాంకు లేదు.

సైన్సు_టీచరమ్మ
ప్రశ్న అడిగిన అబ్బాయికి ముందు ధైర్యం చెబుతాను. నీకు వచ్చింది ఒక పని, వాళ్లు అడిగింది ఇంకో పని. ఖాళీ నింపేటప్పుడు వాక్యం వేరొకరిది. కర్తను వాళ్లే కూర్చోబెట్టారు, క్రియను వాళ్లే తెచ్చారు, నీకు మిగిల్చింది ఒక చిన్న మాట. సొంతంగా రాసేటప్పుడు అసలు మొదట ఏ మాటతో ఎత్తుకోవాలన్నదే సమస్య. ఆ పని ఒక్కసారీ చేయకుండా దానంతట అది రాదు.

నేను నల్గొండ జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషులో. పిల్లల కోసం వేసినవి కానీ, పెద్దవాళ్ల ఇంగ్లీషు సాధనకు ఇంతకంటే మంచి సరుకు నాకు కనబడలేదు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. బడి ఉన్న ప్రతి ఊళ్లోనూ పాత ప్రతులు ఉంటాయి.

ఆరో తరగతి సైన్సో సోషలో తీసుకో. ఒక్క పేరా చాలు. ఇంగ్లీషు పేజీ మీద కాగితం కప్పు. తెలుగు చదువుతూ నోటుబుక్కులో ఇంగ్లీషు రాయి. డిక్షనరీ చూడకు, మాట గుర్తురాకపోతే ఆ చోట గీత గీసి ముందుకు పో. పేరా అయ్యాక కాగితం తీసి, నువ్వు రాసినదాన్ని అచ్చుతో పక్కపక్కన పెట్టి చూడు. దిద్దడానికి గురువు అక్కర్లేదు, ఎదుటి పేజీయే దిద్దుతుంది. మరునాడు అదే పేరా మళ్లీ రాయి. మూడోనాడు కొత్తది.

అమెరికా నాయకుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో ఇలాంటి పనే చేశాడు. బాగా రాసిన వ్యాసం చదివి, ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్లు పక్కన పడేసి, ఆ గుర్తుల నుంచి వ్యాసం మళ్లీ తన మాటల్లో రాసి అసలుతో పోల్చుకునేవాడు. ఇంగ్లీషు ఆయన సొంత భాష. ఆయనకే అది అవసరమైంది.

పాలమూరు_బస్సు
టీచరమ్మా, ఇది అనువాదం. ఇంగ్లీషు నేర్చుకునేవాడు తెలుగు నుంచి అనువాదం చేయకూడదని ప్రతి యూట్యూబ్ గురువూ మొత్తుకుంటున్నాడు. మాట్లాడేటప్పుడు తలలో తెలుగు వాక్యం కట్టి, దాన్ని తిప్పి, అప్పుడు నోరు తెరిస్తే ఎదుటివాడు బస్సెక్కి వెళ్లిపోతాడు.

సైన్సు_టీచరమ్మ
మాట్లాడటం వేరు, రాయడం నేర్చుకోవడం వేరు. మాట్లాడేటప్పుడు తిప్పుకోవడానికి సమయం ఉండదు, ఒప్పుకుంటాను. కానీ తెలుగును తలలోంచి తీసేయమంటే అది వినదు. అది లోపల ఉండి ఇంగ్లీషు వాక్యాన్ని ఎక్కడెక్కడ లాగుతోందో తెలుసుకోవడానికే ఈ సాధన.

ఒక ఉదాహరణ. 'మా ఊళ్లో చెరువు ఉంది. ఈసారి వానలకు చెరువు నిండింది.' రెండు వాక్యాల్లోనూ చెరువు ఒకేలా ఉంది, మనకు ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లీషులో మొదటి చెరువు ముందు 'ఎ' రావాలి, ఎందుకంటే వినేవాడికి అది కొత్త. రెండో చెరువు ముందు 'ద' రావాలి, ఎందుకంటే ఇప్పుడు అది మనిద్దరికీ తెలిసిన చెరువు. తెలుగు ఈ తేడాను పట్టించుకోదు కాబట్టి మన చెయ్యి రెండు చోట్లా ఖాళీగా వదిలేస్తుంది. ఖాళీలు నింపే ప్రశ్నలో అక్కడ గీత గీసి ఉంటుంది, 'ఇక్కడ ఏదో కావాలి' అని వాళ్లే చెబుతారు. తెల్లకాగితం మీద ఆ గీత ఉండదు.

దేవరకొండ_డిగ్రీ
గీత ఉండదు అన్న మాట నిజం మేడం. ఆర్టికల్స్ పరీక్షలో నాకు మంచి మార్కులే వస్తాయి.

చెప్పులపెట్టె
సైన్సు పుస్తకం అంటున్నారు కానీ ఆ తెలుగు పేజీలు చదివారా ఎవరైనా? కిరణజన్యసంయోగక్రియ దగ్గర నేను ఆగిపోయాను. ఇంగ్లీషు పేజీయే తేలిక.

సైన్సు_టీచరమ్మ
మా పిల్లలు కూడా అదే అంటారు. అందుకే సోషల్ పేరు కూడా చెప్పాను. చెరువులు, పంటలు, సంతలు, పంచాయతీలు ఉంటాయి.

రాత్రి_షిఫ్టు
జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో ఉన్నాను. మా ఇంగ్లీషు అంతా బ్యాచ్ రికార్డు, లాగ్‌బుక్కు, డీవియేషన్ రిపోర్టు. అక్కడ ఒక నియమం ఉంది, దేవరకొండ తమ్ముడికి పనికొస్తుంది.

రికార్డులో తప్పు రాస్తే దాన్ని గిలికి చెరిపేయకూడదు, వైట్‌నర్ పూయకూడదు, ఆ అంకె మీదే మరో అంకె దిద్దకూడదు. తప్పు మీద ఒకే ఒక్క అడ్డగీత. కింద రాసింది చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. ఎందుకు మార్చామో చిన్న కారణం రాయాలి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ముందు చూసేది ఇవే.

నా ఇంగ్లీషు నోటుబుక్కు కూడా అలాగే పెట్టుకున్నాను. రాసిన తప్పు కనబడాలి, పైన సరైనది ఉండాలి, మార్జిన్‌లో కారణం ఒక్క మాటలో: 'ఆర్టికల్', 'కాలం', 'వరుస', 'బహువచనం'. నెల గడిచాక మార్జిన్ మాత్రమే పైనుంచి కిందికి చదివితే నా రోగం ఏమిటో నాకే తెలిసిపోయింది. నాకు ఆర్టికల్స్ బాగానే వస్తున్నాయి, క్రియ కాలాలే కుదరడం లేదు. అప్పటి నుంచి గ్రామరు పుస్తకంలో ఆ అధ్యాయాలే తీశాను. మిగతావాటి జోలికి పోలేదు.

అశోక్‌నగర్_అద్దెగది
ఇది బాగుంది. మాక్ టెస్టుల తప్పులకు కూడా పెట్టుకోవచ్చు.

గడియారం_సెంటర్
@రాత్రి_షిఫ్టు కాలాల దగ్గర మనవాళ్లందరూ జారే చోటు ఒకటి ఉంది. 'పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను.' ఇది ఇంగ్లీషులో చెప్పమంటే నా క్లాసులో ముప్పావువంతు మంది 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అంటారు. ఒకే వాక్యంలో రెండు తప్పులు, రెండూ తెలుగు నుంచి దిగినవే.

మనకు 'పదేళ్ల నుంచి', '2015 నుంచి' రెండింటికీ 'నుంచి' సరిపోతుంది. ఇంగ్లీషువాడు ఎంత కాలమో చెబితే 'ఫర్' అంటాడు, ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్' అంటాడు. ఇది చాలామందికి తెలుసు. రెండో తప్పే గట్టిది. పని ఇప్పటికీ సాగుతోంది కాబట్టి మనం హాయిగా వర్తమానం వాడతాం, తెలుగులో అదే సరైనది. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటిదాకా వచ్చిన పనికి 'హావ్ బీన్' కావాలి. దీన్ని సూత్రంగా అప్పజెప్పమంటే అందరూ అప్పజెబుతారు. 'మీ నాన్నగారు ఎన్నాళ్లుగా వ్యవసాయం చేస్తున్నారు?' అని అడిగితే మళ్లీ మొదటికి.

అందుకే నేను ఒక్క సంగతి మీదే వారం పాటు రాయిస్తాను. ఇంట్లో ప్రతి మనిషి గురించీ, ప్రతి వస్తువు గురించీ ఎన్నాళ్లుగా ఉందో ఒక వాక్యం. ఫ్రిజ్, బర్రె, అప్పు, మోకాళ్ల నొప్పి, ఏదైనా సరే. నవ్వుకుంటూ రాస్తారు, మరిచిపోరు.

పాలమూరు_బస్సు
అప్పు గురించి రాస్తే పేజీలు చాలవు సార్.

పిల్లలమర్రి_నీడ
రిటైరైనవాణ్ణి, మధ్యలో దూరుతున్నాను. మా కాలంలో ఆఫీసులో డ్రాఫ్టు రాయడం ద్వారానే ఇంగ్లీషు వచ్చింది. కొత్తగా చేరిన గుమస్తా పాత ఫైలు తీసి అందులోని ఉత్తరాన్ని చూసి రాసేవాడు. సూపరింటెండెంటు ఎర్రసిరాతో కొట్టేసి వెనక్కి పంపేవాడు, మళ్లీ రాసేవాడు. ఆ ఇంగ్లీషు మరీ పాతకాలపుదే, 'నీడ్‌ఫుల్' చేయమని కోరడం దగ్గర మొదలై అక్కడే ముగిసేది. కానీ తెల్లకాగితం అంటే భయం పోయేది.

ఇప్పటి పిల్లలకు దిద్దేవాడు దొరకడం లేదు, అసలు లోటు అది. బ్రౌన్ దొర 1817లో మద్రాసు దిగేనాటికి ఆయనకు తెలుగు రాదు. తర్వాత ఏకంగా నిఘంటువే తయారుచేశాడు.

చెప్పులపెట్టె
తాతగారూ, బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి దగ్గర పెట్టుకున్నాడు. మనం ఫోను రీచార్జికే ఆలోచిస్తున్నాం.

పిల్లలమర్రి_నీడ
సరే, ఒప్పుకున్నాను. అయినా ఆయన అడిగి అడిగి రాసుకునేవాడు బాబూ. అడగడానికి జీతం అక్కర్లేదు.

మిర్యాలగూడ_మిల్లు
'నీడ్‌ఫుల్' సంగతి వచ్చింది కాబట్టి. మా బియ్యం మిల్లులో బయటి దేశాల కొనుగోలుదారులకు మెయిళ్లు నేనే రాస్తాను. తేమ శాతం, నూక శాతం, బస్తా బరువు, కంటైనరు ఎప్పుడు కదులుతుంది, ఇంతకుమించి ఇంగ్లీషు మాకు అక్కర్లేదు. ఒకటే పద్ధతి: అవతలివాడు పంపిన మెయిలులో ఏ వాక్యం నచ్చితే దాన్ని కాపీ చేసి ఒక ఫైలులో దాచుకుంటాను. ఆలస్యానికి క్షమాపణ ఎలా చెప్పాడు, డబ్బు ఇంకా రాలేదని మర్యాదగా ఎలా అడిగాడు. రెండోది నాకు చాలా అవసరం. అవసరం పడ్డప్పుడు పేర్లూ తేదీలూ మార్చి వాడతాను. గ్రామరు పుస్తకం కొన్న జ్ఞాపకమే లేదు.

అచ్చంపేట_అడవి
అందరూ గ్రామరు గురించే చెబుతున్నారు. నా బాధ పదాలతో. రోజూ ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చదివి తెలియని పదాలు రాసుకోమన్నారు. నోటుబుక్కులు నిండాయి. ఒక్క పదమూ గుర్తుండదు, ఉన్నదాన్ని ఎక్కడ వాడాలో తెలియదు.

చెప్పులపెట్టె
@అచ్చంపేట_అడవి ఇక్కడ నాకు మాట్లాడే హక్కుంది, పేరు చూశారుగా.

ముందు ఏ పదాలు? సంపాదకీయంలో తెలియని పదం అంటే అరుదైన పదం. అది మళ్లీ కనబడేసరికి ఏడాది పడుతుంది. అంతకంటే ముందు, అడుగడుగునా వచ్చేవి గట్టిపడాలి. మైకేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఇంగ్లీషు బోధన మీద పనిచేసినవాడు. ఎక్కువగా వాడే సుమారు 2000 పదాల జాబితా 1953లో అచ్చువేశాడు. పైచదువుల పుస్తకాల్లో తరచుగా వచ్చే 570 పదకుటుంబాల (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) జాబితాను కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో తెచ్చింది. రెండూ నెట్‌లో ఉచితం. మొదటి జాబితా చూసి 'ఇవన్నీ నాకు తెలుసు' అనుకుంటావు. అందులో ఏదో ఒక పేజీ తీసి, ఒక్కో పదంతో నువ్వే ఒక వాక్యం రాసి చూడు. అర్థం తెలిసిన మాట వేరు, చేతికొచ్చిన మాట వేరు.

తర్వాత గుర్తుండటం. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు: నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా జారిపోతుంది, తర్వాత నెమ్మదిగా. కాబట్టి జారబోయే సమయానికి మళ్లీ చూడాలి. నా దగ్గర చెప్పుల అట్టపెట్టె ఉంది, లోపల అట్టముక్కలతో ఐదు అరలు. పెళ్లిపత్రికల వెనకవైపు కత్తిరించి చీటీలు చేసుకున్నాను. ముందువైపు తెలుగు వాక్యం, వెనక ఇంగ్లీషు. కొత్త చీటీ మొదటి అరలో పడుతుంది, దాన్ని రోజూ చూస్తాను. చెప్పగలిగితే రెండో అరకు వెళ్తుంది, అక్కడ ఇంకొంచెం ఆలస్యంగా చూస్తాను. ఇలా చివరి అర నెలకోసారి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి అరకే. ఈ పెట్టె పద్ధతి లైట్నర్ అనే ఆయనది, 1970లలో ప్రచారంలోకి వచ్చింది. ఫోనులో కావాలంటే అంకీ అనే యాప్ ఇదే పని చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం.

అచ్చంపేట_అడవి
చీటీ మీద పదం కాకుండా వాక్యం ఎందుకు?

నాగర్‌కర్నూల్_నర్సు
నేను చెబుతాను. పదం ఒక్కటే నేర్చుకుంటే దాని పక్కన ఏ పదం నిలబడుతుందో తెలియదు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి సిస్టరుకు పేషంట్ల వివరాలు రాసి అప్పగిస్తాం. మాతో చేరిన కొత్త అమ్మాయి బీపీ 'మోర్' గా ఉందని రాసేది. ఎక్కువ అంటే 'మోర్' అని చిన్నప్పుడు నేర్పారు, ఆమె తప్పేమీ లేదు. బీపీ పక్కన 'హై' నిలబడుతుంది. నొప్పి పక్కన 'సివియర్', దగ్గు ఆగకుండా వస్తుంటే 'పర్సిస్టెంట్'. ఇవి జంటలుగానే తలకెక్కాలి.

ఇంకో సంగతి. నేను బ్రిటన్ వెళ్లడానికి ఓఈటీ రాయబోతున్నాను, అది వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష. అక్కడి నర్సుల కౌన్సిల్ అందరూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అయినా ఓఈటీ అయినా ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడటం, వినడం, చదవడం ఒక్కొక్కటి 7 రావాలి, రాయడంలో మాత్రం 6.5 చాలు. ఓఈటీలో రాసే పరీక్ష అంటే పేషంటు కాగితాలు మన ముందు పెడతారు, వాటి నుంచి ఉత్తరం రాయాలి. ఐదు నిమిషాలు చదవడానికి, నలభై నిమిషాలు రాయడానికి. కాగితాల్లో ఉన్నదంతా దించితే మార్కులు పోతాయి. చదివేవాళ్లకు ఏది కావాలో అదే ఉండాలి. చిన్నప్పుడు కాలు విరిగిన సంగతి ఇప్పటి షుగరుకు అవసరమా కాదా అని తేల్చుకోవాలి. ఇది ఏ గ్రామరు పుస్తకంలోనూ లేదు. దేవరకొండ తమ్ముడికి పేజీ నిండకపోవడానికి కూడా ఇదే కారణం అయి ఉండవచ్చు: ఊరి గురించి ఏం చెప్పాలో తెలుగులో అయినా అనుకున్నావా?

దేవరకొండ_డిగ్రీ
అక్కా, ఇది నేను ఆలోచించలేదు. ఇప్పుడు తెలుగులో రాయమన్నా మా ఊరి గురించి పేజీ రాయగలనో లేదో.

పాలమూరు_బస్సు
చూశారా, సమస్య ఇంగ్లీషుది కాదు, ఊరిది.

గడియారం_సెంటర్
నవ్వులాటకు అన్నా సగం నిజం. మా దగ్గర పేరా రాయమంటే ముందు తెలుగులో నోటితో చెప్పమంటాను. దిండి ప్రాజెక్టు నీళ్లు వస్తాయా, బత్తాయి తోటలు ఎంత ఎండాయి, బస్సు ఎన్నింటికి, కిరాణా కొట్టు ఎవరిది. నోట్లో సరుకు లేకుండా ఏ భాషలోనూ కాగితం నిండదు.

అశోక్‌నగర్_అద్దెగది
అందరూ కలిసి పరీక్ష రాసేవాళ్లను పక్కకు నెట్టేశారు. నా వాదన మారలేదు. ఎవరికైనా మూడు నెలల్లో పరీక్ష ఉంటే ఈ పెట్టెలు, చీటీలు, ఎదుటి పేజీలు పెట్టుకుంటే సీటు పోతుంది. పాత ప్రశ్నపత్రాలు పెట్టి సమయం చూసుకుంటూ చేయాలి, తప్పులు చూసుకోవాలి. ఇరవై అయిదు ప్రశ్నలకు పది నిమిషాల పైన ఖర్చు పెట్టనివాడే లెక్కలకు సమయం మిగుల్చుకుంటాడు. ఆ వేగం ఫ్రాంక్లిన్ పద్ధతిలో రాదు.

సైన్సు_టీచరమ్మ
నిజమే, రాదు. మూడు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లకు నీ మాటే సరైనది. ఉద్యోగం వచ్చాక మొదటి ఉత్తరం రాసేనాడు నా మాట వినండి.

రాత్రి_షిఫ్టు
ఉద్యోగం వచ్చాక మొదటి ఉత్తరం సెలవు చీటీయే టీచరమ్మా. దానికి అందరి ఇంగ్లీషూ సరిపోతుంది.

మూసీ_కుడికాలువ
ఒకటి అడగాలి. ఇప్పుడు ఫోనులో కృత్రిమ మేధ ఉంది, వాక్యం పెడితే దిద్దేస్తుంది. ఇంత కష్టం ఎందుకు? నేను తెలుగులో చెబితే అది ఇంగ్లీషులో రాసేస్తోంది, పని జరిగిపోతోంది.

గడియారం_సెంటర్
పని జరగడానికి వాడుకో, ఎవరూ వద్దనరు. కానీ ఆ కంపెనీవాళ్లు తెల్లకాగితం ఇచ్చినప్పుడు ఫోను బయటే పెట్టించారనుకుంటాను.

దేవరకొండ_డిగ్రీ
అవును సార్, గేటు దగ్గరే తీసుకున్నారు.

నాగర్‌కర్నూల్_నర్సు
నేను వాడతాను, కానీ చివర్లో. ముందు నేనే రాస్తాను, నేనే ఒకసారి దిద్దుకుంటాను, అప్పుడు దానికి చూపించి 'మార్చవద్దు, తప్పు ఏ వరుసలో ఉందో మాత్రం చెప్పు' అంటాను. మొత్తం తిరగరాయమంటే నున్నగా రాసి ఇస్తుంది, చదివి బాగుందనుకుంటాం, చేతికి ఏమీ రాదు. ఒక్కోసారి తప్పు లేనిచోట కూడా తప్పుందంటుంది. అప్పుడు డిక్షనరీ తీయాల్సిందే. తెలుగు అర్థాలు ఇచ్చేది కాదు, విదేశీ విద్యార్థుల కోసం వేసే ఇంగ్లీషు డిక్షనరీ. అందులో అర్థాలు తేలికైన మాటల్లో ఉంటాయి, పక్కన వాడిన వాక్యం ఉంటుంది, నామవాచకానికి బహువచనం ఉందో లేదో చెబుతుంది.

చెప్పులపెట్టె
బహువచనం సంగతి మంచి మాట. 'ఫర్నిచర్స్' అని బోర్డులు కట్టిన ఊళ్లలో పెరిగాం మనం.

మిర్యాలగూడ_మిల్లు
మా వీధి చివర 'స్టేషనరీస్' కూడా ఉంది. కొట్టు బాగా నడుస్తోంది, ఎస్సు అడ్డం రాలేదు.

దేవరకొండ_డిగ్రీ
వారం అయింది కాబట్టి చెబుతున్నాను. మా ఊరి బడి నుంచి ఆరో తరగతి సోషల్ పుస్తకం తెచ్చుకున్నాను. హెడ్మాస్టరు గారు ఎవరికోసం అని అడిగారు, నాకే అన్నాను, నవ్వి ఏడో తరగతిది కూడా ఇచ్చారు. రాత్రి_షిఫ్టు అన్న చెప్పినట్టు తప్పు కనబడేలా అడ్డగీత గీసి మార్జిన్‌లో కారణం రాస్తున్నాను. నా మార్జిన్ నిండా 'ఆర్టికల్', 'వరుస' ఉన్నాయి. వరుస అంటే ఇది: తెలుగులో 'నిన్న సంతలో కొన్న ఎద్దు' అని ఎద్దుకు ముందే అన్నీ చెప్పేస్తాం. నేను ఇంగ్లీషులో కూడా ఎద్దు కంటే ముందు అవన్నీ ఇరికించాలని చూస్తున్నాను, ఎక్కడో చిక్కుకుపోతున్నాను.

గడియారం_సెంటర్
ఇంగ్లీషులో ముందు ఎద్దును నిలబెట్టు, కొన్న కథ దాని వెనక కట్టు. ఎదుటి పేజీలో 'విచ్', 'హూ', 'దట్' ఎక్కడెక్కడ వస్తున్నాయో పెన్సిలుతో చుట్టు. అవి ఉన్న వాక్యాలు మాత్రమే తీసుకుని కొన్నాళ్లు రాయి. తెలుగు వాక్యాన్ని చివరి నుంచి చదవడం అలవాటు చేసుకో, చాలాసార్లు దారి దొరుకుతుంది.

అశోక్‌నగర్_అద్దెగది
వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో కూడా వీటి మీద వస్తాయి. చూశావా, నా పరీక్షకూ పనికొచ్చింది. పుస్తకం పూర్తయ్యాక ఏడో తరగతిది నాకు పంపు.

దేవరకొండ_డిగ్రీ
పంపుతాను అన్నా. ఒక సందేహం: నోటుబుక్కులో కాకుండా ఫోనులో టైపు చేస్తే సరిపోతుందా? చేత్తో రాయడం నెమ్మదిగా ఉంది.

సైన్సు_టీచరమ్మ
ఫోను స్పెల్లింగు దిద్దేస్తుంది, తర్వాతి మాట కూడా అదే సూచిస్తుంది. అంటే మళ్లీ ఖాళీలు నింపడమే. టైపు చేయాలనుకుంటే సెట్టింగుల్లో ఆ రెండూ ఆపెయ్యి. నెమ్మదిగా ఉంటే పేరాలో సగమే రాయి.

పాలమూరు_బస్సు
సినిమా సంగతి ఎవరూ ఎత్తలేదు మళ్లీ.

నాగర్‌కర్నూల్_నర్సు
చూడండి అన్నా, కానీ ఒక సన్నివేశం ఆపి, విన్నది రాసి, కింది అక్షరాలతో సరిచూసుకుంటే చెప్పండి. నాకు వినే పరీక్ష కూడా ఉంది, తోడు కావాలి.